హంతకుడి పేరు లేని పాటల పుస్తకం: హైదరాబాద్‌లో పాత క్రైమ్ సినిమాల వేట

పాత తెలుగు సినిమాల్లో పౌరాణికాలకు, కుటుంబ కథలకు ఏ లోటూ లేదు. టీవీలో ఇప్పటికీ వేస్తారు, వాటి మీద పుస్తకాలు రాస్తారు. అదే కాలంలో తక్కువ ఖర్చుతో తీసిన క్రైమ్ సినిమాలను మాత్రం ఎవరూ దాచుకోలేదు. బంగళాలో హత్య, చీకట్లో టార్చిలైటు, క్లబ్బులో ఎల్.ఆర్. ఈశ్వరి పాట, గోడ మీద పెరిగే నీడ. 1966 నాటి ‘గూఢచారి 116’ పెద్ద హిట్టు కాబట్టి నిలిచింది. మరుసటి ఏడాదే హిందీలో ‘ఫర్జ్’ అయింది. దాని వెనకాల వచ్చిన చిన్న సినిమాల్లో చాలావాటికి పేరు తప్ప ఇంకేం మిగల్లేదు. నేను ఏరుకునేది వాటి ఆనవాళ్లనే: పాటల పుస్తకాలు, వీసీడీలు (సినిమా ఎక్కించిన సీడీలు), రికార్డులు, పేపర్ ప్రకటనలు.

మాది విజయవాడ. గాంధీనగర్‌లో డిస్ట్రిబ్యూషన్ ఆఫీసులున్న వీధులన్నీ గాలించాను. హైదరాబాద్‌లో వెతకాలంటే గురువారం దిగి ఆదివారం దాకా ఉండాలని, అప్పుడే రెండు సంతలూ కలిసొస్తాయని రికార్డులు సేకరించే మిత్రుడు ఒకాయన చెప్పాడు. ఆయన మాట పట్టుకుని బయల్దేరాను.

గురువారం, జుమ్మెరాత్ బజార్

నాంపల్లిలో ఆటో ఎక్కాను. పురానాపూల్ వైపు బండ్లు కదలడం లేదని డ్రైవర్ మంగళ్‌హాట్ మీదుగా తిప్పి ఒక సందు మొదట్లో దింపేశాడు. “గీడికెళ్లి నడిస్తే అయిదు నిమిషాలే సార్” అన్నాడు. అరగంట పట్టింది. ధూల్‌పేట సందుల్లో దారి తప్పడం తేలిక. ప్రతి మలుపులోనూ సగం రంగు వేసిన వినాయకులు కనిపిస్తాయి, మలుపులన్నీ ఒకేలా ఉంటాయి. ఎవరిని అడిగినా “సీదా పో అన్నా” అన్నారు. ఒక పెద్దావిడ మాత్రం చేతిలో పని పక్కన పెట్టి, సందు చివరిదాకా నాతో నడిచొచ్చి, “గా వంతెన కనబడ్తుంది చూడు, దాన్ని పట్టుకుని పో బిడ్డా” అని చెప్పి వెనక్కెళ్లింది.

ఆ వంతెన పురానాపూల్. 1578లో ఇబ్రహీం కుతుబ్ షా కట్టించాడు. ఇప్పుడు దాని మీద కూరగాయలు అమ్ముతున్నారు. అక్కడికి దగ్గర్లోనే సంత. నేల మీద టార్పాలిన్లు పరిచి ఇత్తడి కుళాయిలు, కాలిపోయిన మోటార్లు, ఒంటి చెప్పులు, రిమోట్లు, తాళంచెవుల గుత్తులు పోశారు. కాగితాలు అమ్మేవాళ్లు తక్కువ. గంటసేపు తిరిగాక, గడియారాలు అమ్మే ఒక పెద్దాయన వెనకాల రేకు పెట్టె కనిపించింది. అందులో క్యాలెండర్లు, పెళ్లి శుభలేఖలు, వాటి కింద పాటల పుస్తకాల కట్ట.

ఇక్కడ బేరానికి ఒక పద్ధతుంది. కావాల్సిన వస్తువు వైపు మొదట చూడకూడదు. ముందు ఒక గడియారం ధర అడిగాను. తర్వాత క్యాలెండర్ తిరగేశాను. చివరికి కట్ట చేతిలోకి తీసుకుంటే ఆయన “క్యా హోనా సాబ్? పంద్రా సౌ” అన్నాడు, పదిహేను వందలు. ఎక్కువన్నాను. ఆయన మాట మార్చి టీ తెప్పించాడు. టీ తాగుతుంటే ఈ పుస్తకాలు నాకెందుకని అడిగాడు. చెప్పాను. తన పెళ్లికి ముందు చూసిన రెండు సినిమాల కథలు ఆయనా చెప్పాడు, రెండూ దారాసింగ్‌వే. చివరికి తొమ్మిది వందలకు ఇచ్చాడు. టీ డబ్బులు మాత్రం నన్ను ఇవ్వనివ్వలేదు.

పాటల పుస్తకం చూడని వాళ్ల కోసం చెప్తాను. హాల్లో ఇంటర్వెల్‌లో పైసలకు అమ్మేవారు. పల్చటి కాగితం, ఎనిమిదో పదహారో పేజీలు. మొదట తారాగణం, సాంకేతిక నిపుణులు, తర్వాత పాటలు, మధ్యలో ఒక పేజీ కథ. ఆ కథ ఎప్పుడూ సగంలో ఆగిపోయి, మిగతాది వెండితెర మీద చూడమంటుంది. కుటుంబ కథకు అలా ఆపినా ఇబ్బంది లేదు, చివరికి అందరూ కలుస్తారని ఊహించుకోవచ్చు. క్రైమ్ సినిమాకు అలా కుదరదు. ప్రింటు, అంటే హాల్లో ఆడించే ఫిల్మ్ కాపీ, పోయి పాటల పుస్తకం ఒక్కటే మిగిలిందంటే, ఆ హత్య ఎవరు చేశారో ఇక తెలిసే దారి లేదు. నాకు నిద్రపట్టకుండా చేసేవి ఇవే.

కట్టలో ఎక్కువ భాగం తెలిసినవే. ‘అవే కళ్లు’ ఒకటి, మూలలు చిరిగినా లోపల శుభ్రంగా ఉంది. ‘ఆమె ఎవరు’ ఒకటి. రాజ్ ఖోస్లా ‘ఓ కౌన్ థీ’కి తెలుగు రూపం, 1966 నాటిది. అట్ట లేనిది ఒకటి దొరికింది. తారాగణం పేజీ కూడా లేదు. కథ పేజీ, నాలుగు పాటలు ఉన్నాయి. ప్రసాదరావనే మిల్లు యజమాని తన పుట్టినరోజు విందులో దీపాలు ఆరినప్పుడు చనిపోతాడు. శవం పక్కన ఒక ఎడమచేతి గ్లౌజు. ఇంట్లో మేనల్లుడు, నర్సు లీల, పాత బాకీ వసూలుకొచ్చిన స్నేహితుడు, మాట్లాడలేని తోటమాలి. లీల గదిలో రెండో గ్లౌజు దొరికిన చోట కథ ఆగిపోయింది. కింద వరసగా మూడు ప్రశ్నార్థకాలు. సినిమా పేరు ఎక్కడా లేదు.

ఆకలేసి బేగంబజార్‌లో వేడి కచోరీ తిన్నాను. ఆకు దొన్నెలో వేసి చింతపండు చట్నీ పోశారు. నిలబడే తినాలి, జనం తోసుకుంటూనే ఉంటారు. బాగుంది.

శుక్రవారం, చార్మినార్ చుట్టుపక్కల

శుక్రవారం పాతబస్తీలో దుకాణాల కోసం పొద్దున్నే పోవడం దండగ. కొన్ని అసలు తీయరు, తీసేవి నమాజు అయ్యాకే. నాకది కలిసొచ్చింది. గుల్జార్ హౌజ్ దగ్గర బండి మీద దోసె తిన్నాను. పెనం మీదే ఉప్మా వేసి, టమాటా ముద్ద, కారప్పొడి చల్లి, చేతి నిండా వెన్న వేసి మెదిపేస్తాడు. మా బెజవాడ వాళ్లకు దోసెలో ఉప్మా అంటే పెసరట్టే గుర్తొస్తుంది. ఇది వేరే రుచి, టమాటా పులుపు ముందు తగిలి వెన్న తర్వాత వస్తుంది.

అక్కణ్నుంచి ఇరానీ చాయ్‌కి వెళ్లాను. ఇక్కడి కేఫుల్లో ఖాళీ కుర్చీ ఉంటే అడక్కుండానే కూర్చోవచ్చు, ఎవరూ ఏమీ అనుకోరు. నా ఎదుట ఒక పెద్దాయన సాసర్లో పోసుకుని తాగుతున్నాడు. నేను బల్ల మీద పాటల పుస్తకాలు పరుచుకుని చూస్తుంటే కళ్లజోడు తీసి, తుడిచి, మళ్లీ పెట్టుకున్నాడు. “గివి మా హాల్ల గూడ అమ్మేటోళ్లు” అన్నాడు. ఆయన సికింద్రాబాద్‌లో ఒక సినిమా హాల్లో ప్రొజెక్టర్ ఆపరేటర్‌గా పనిచేశాడట. ఆ హాలు ఇప్పుడు లేదు.

ఆయనతో రెండు గంటలు కూర్చున్నాను. ఈ ప్రయాణంలో నాకు దొరికిన వాటన్నింటిలోకీ విలువైనవి ఆ రెండు గంటలే. అప్పట్లో ప్రొజెక్టర్‌లో వెలుగు కోసం కార్బన్ కడ్డీలు మండించేవారు. వాటి మధ్య ఖాళీ సరిగ్గా ఉండేలా చూసుకుంటూ కూర్చోవాలి, లేకపోతే తెర పసుపు రంగులోకి తిరుగుతుంది. వెయ్యి అడుగుల రీలు పదకొండు నిమిషాలు నడుస్తుంది. రీలు అయిపోయే ముందు తెర కుడివైపు పైమూలన ఒక చుక్క మెరుస్తుంది, అప్పుడు రెండో ప్రొజెక్టర్ మోటారు వేయాలి. రెండో చుక్కకు తెర మీదికి దాన్ని వదలాలి. “కథ సూడనియ్యదు సార్ గీ పని. సుక్కలు సూడాలె” అన్నాడు.

ఒక్కోసారి రెండు హాళ్లకు ఒకటే ప్రింటు వచ్చేది. ఇక్కడ ఆడిన రీళ్లను సైకిల్ మీద రెండో హాలుకు తీసుకెళ్లేవారు, అక్కడ ఆట కాస్త ఆలస్యంగా మొదలయ్యేది. ప్రేమ కథ అయితే రీలు రావడం పది నిమిషాలు ఆలస్యమైనా జనం సోడా తాగుతూ కూర్చునేవాళ్లట. “హత్యల సినిమాకు గట్ల ఊకోరు. ఆఖరి రీలు రాకుంటే కుర్చీలు ఇరగ్గొట్టేటోళ్లు.” ఇంకో సంగతి కూడా చెప్పాడు. రీలు మొదలు, చివర ఎక్కువ అరిగిపోతాయి. ఎక్కించేటప్పుడు, దించేటప్పుడు చేతులు పడేది అక్కడే, తెగితే కత్తిరించి అతికించేదీ అక్కడే. ఊళ్లు తిరిగొచ్చిన ప్రింటులో ఆఖరి రీలు కొస నిమిషం నిమిషం చొప్పున తగ్గిపోయేదట. హంతకుడు దొరికే చోటే ఫిల్మ్ ముందు పోతుందన్నమాట. ఎన్నో పాత క్రైమ్ సినిమాల కాపీల్లో ముగింపు గభాలున ఎందుకు అయిపోతుందో నాకు అప్పటికి అర్థమైంది.

పాత ప్రింట్లు ఏం చేసేవాళ్లని అడిగాను. తూకానికి, అన్నాడు. బ్లాక్ అండ్ వైట్ ఫిల్మ్‌లో బొమ్మ నిలిచేది వెండి వల్లే. కడిగి ఆ వెండి తీసుకునేవారు. మళ్లీ ఆడదనుకున్న సినిమాకు అదే చివరి ధర. పుణెలో జాతీయ ఫిల్మ్ ఆర్కైవ్ 1964లో మొదలయ్యేసరికే దేశంలో ఎన్నో సినిమాలు అలా పోయాయి. ఆ తర్వాత కూడా, మర్యాద లేని సినిమాలనుకున్న వాటిని అక్కడికి పంపాలని ఎవరికి తోస్తుంది?

ఎడమచేతి గ్లౌజు కథ ఆయనకు చదివి వినిపించాను. తోటమాలి దగ్గర చెయ్యెత్తి ఆపాడు. “గిట్ల మాటలు రానోడు ఉంటే నాకు యాదికుంటది... ఆఖర్ల మాట్లాడుతడు వాడు.” ఆ మాట నిజంగా ఈ సినిమాలోదేనా అంటే ఒట్టేసి చెప్పలేనన్నాడు. చాయ్‌లకు, ఉస్మానియా బిస్కెట్లకు నూట నలభై అయింది. అది మాత్రం నన్ను ఇవ్వనిచ్చాడు.

సాయంత్రం ఛత్తా బజార్‌లో ఒక రేడియో రిపేరు దుకాణం మెట్లెక్కాను. వాల్వు సెట్లు అటక దాకా ఉన్నాయి. ఒక మూల పాత ఈపీ రికార్డుల అట్టపెట్టె ఉంది. ఏడంగుళాల పళ్లెం, నిమిషానికి 45 చుట్లు, పక్కకు రెండు పాటలు. దుకాణం ఆయన ఏదీ వినిపించకుండా అమ్మడు. గీతలున్న చోట సూది ఎగిరితే తనే తీసి పక్కన పడేశాడు. కె.ఎస్.ఆర్. దాస్ తీసిన 1971 నాటి ‘జేమ్స్ బాండ్ 777’ లాంటి సినిమాల్లో క్లబ్బు పాట లేకుండా కథ కదలదు. ఆ పాటలను చులకన చేసేవాళ్లతో నేను ఒప్పుకోను. 1954లో ఎస్. బాలచందర్ తమిళంలో ‘అంద నాళ్’ తీశాడు, ఒక్క పాట కూడా లేదు, గొప్ప సినిమా. అది ఏవీఎం లాంటి పెద్ద నిర్మాణ సంస్థది కాబట్టి నిలబడింది. ఊరూపేరూ లేని నిర్మాత పాటల్లేకుండా క్రైమ్ సినిమా తీసి ఉంటే రికార్డు ఉండేది కాదు, పాటల పుస్తకం ఉండేది కాదు, దాని గుర్తే ఉండేది కాదు. మన సినిమాలను కాస్తయినా మిగిల్చింది ఆ పాటలే. రెండు ఈపీలు ఆరు వందలకు తీసుకున్నాను.

శనివారం, అఫ్జల్‌గంజ్, క్రాస్‌రోడ్స్

మూసీ పక్కన స్టేట్ సెంట్రల్ లైబ్రరీ. 1891లో ఆసఫియా గ్రంథాలయంగా మొదలైంది. ఆ ఎత్తయిన గదుల్లో ఫ్యాన్ల కింద పోటీ పరీక్షల పిల్లలే ఎక్కువ. పాత దినపత్రికల బైండింగులు తెప్పించుకుని సినిమా ప్రకటనలున్న పేజీలు తిరగేశాను. కాగితం వేలికి అంటుకుని పొడి అవుతోంది, మెల్లగా రెండు చేతులతో తిప్పాలి. పక్కన కూర్చున్న కుర్రాడు కాసేపు చూసి, తన స్కేలు ఇచ్చి, దాన్ని పేజీ కిందికి పోనిచ్చి ఎత్తమన్నాడు. మంచి ఉపాయం.

క్రైమ్ సినిమా ప్రకటనలు దూరం నుంచే తెలిసిపోతాయి. హీరో బొమ్మ చిన్నది, ప్రశ్నార్థకం పెద్దది. సగం ముఖం నలుపు. మద్రాసులో తీసిన సినిమాలవడం వల్ల తెర మీద హంతకుణ్ని తరిమే రోడ్లు అన్నీ ఆ ఊరివే. 1959 నాటి ‘మా ఇంటి మహాలక్ష్మి’ని పూర్తిగా హైదరాబాద్‌లోనే సారథి స్టూడియోలో తీశారు. అయినా పరిశ్రమ ఇక్కడికి తరలి రావడానికి చాలా ఏళ్లు పట్టింది. బ్లాక్ అండ్ వైట్‌లో ఈ ఊరి రాత్రి వీధుల మీద, ఇరానీ కేఫుల మీద, మూసీ వంతెనల మీద ఒక మంచి క్రైమ్ సినిమా రాలేదన్నది నాకు ఎప్పటికీ తీరని కొరత. ఆ ఎడమచేతి గ్లౌజు సినిమా ప్రకటన మాత్రం దొరకలేదు.

సాయంత్రం ఆర్టీసీ క్రాస్‌రోడ్స్‌లో దిగి దేవి, సుదర్శన్, సంధ్య హాళ్ల ముందు ఊరికే తిరిగాను. ఇక్కడ హాలు పేరుతో పాటు 70 ఎంఎం, 35 ఎంఎం అని ఫిల్మ్ వెడల్పు కూడా కలిపి పలుకుతారు. లోపల ఫిల్మ్ ఆగిపోయి ఏళ్లయినా పేరులో అంకె ఉండిపోయింది. బిర్యానీ తిని పడుకున్నాను.

ఆదివారం, ఆబిడ్స్ నుంచి ఎర్రగడ్డకు

ఆదివారం ఆబిడ్స్‌లో దుకాణాలు మూసి ఉంటాయి, వాటి ముందు ఫుట్‌పాత్ అంతా పాత పుస్తకాలే. ఎక్కువ భాగం ఇంజనీరింగ్ గైడ్లు, ఇంగ్లీషు నవలలు. తెలుగు డిటెక్టివ్ పుస్తకాలకు వంగి అడుగున వెతకాలి. కొమ్మూరి సాంబశివరావు రాసిన డిటెక్టివ్ యుగంధర్ నవల ఒకటి, అట్ట బాగుంది, ఎనభై రూపాయలు. ఆ నవలలు చదివిన జనమే ఆ సినిమాలకూ వెళ్లారు, అందుకే రెండూ కలిపి ఏరుకుంటాను. ఇక్కడ బేరం అంతగా సాగదు. “సార్, బుక్ చూడండి, రేటు చూడకండి” అన్నాడు అమ్మే కుర్రాడు. మూడు కొంటే మాత్రం తనే ఇరవై తగ్గించాడు.

మొజంజాహీ మార్కెట్‌లో సీతాఫలం ఐస్‌క్రీమ్ తిన్నాను. గింజ తగలకుండా గుజ్జు నిండుగా ఉంది. దాని తర్వాత నాంపల్లిలో మెట్రో ఎక్కి ఎర్రగడ్డ.

ఎర్రగడ్డ ఆదివారం సంత జుమ్మెరాత్ కంటే గోలగా ఉంటుంది. సెల్ ఛార్జర్లు, సైకిళ్లు, ఇనప సామాను. నాకు కావాల్సింది వీసీడీలు. వీడియో షాపులు మూసేసినప్పుడు వాటి సరుకంతా ఇలాంటి చోట్లకే చేరింది. చాలామంది సేకరించేవాళ్లు వీసీడీ అంటే మొహం తిప్పుకుంటారు. బొమ్మ 352 బై 288 పిక్సెళ్లు మాత్రమే, పెద్ద టీవీలో గడులు గడులుగా కనిపిస్తుంది. నేను అలా అనుకోను. 2000 ప్రాంతంలో ఎవరో మిగిలిన ప్రింటునో టేపునో చౌకగా వీసీడీకి ఎక్కించారు. ఆ తర్వాత ఆ సినిమాను డీవీడీగా కూడా ఎవరూ తేలేదు. కొన్ని చిన్న సినిమాలకు లోకంలో మిగిలింది ఆ గడుల బొమ్మే. మసకగా ఉందని వదిలేస్తే ఆ సినిమాయే ఉండదు.

ఒక్కోటి పాతిక రూపాయలు. ఒక డిస్కులో గంటా పావుకు కాస్త అటూ ఇటూ పడుతుంది కాబట్టి రెండున్నర గంటల సినిమాకు రెండో మూడో ఉంటాయి. పెట్టె తెరిచి అన్నీ ఉన్నాయో లేదో చూడాలి. చివరి డిస్కు లేని పెట్టెలు ఎన్నో. అమ్మే ఆవిడ నా పక్కనే కూర్చుని, తన చీర కొంగుతో ఒక్కో డిస్కూ తుడిచి ఇచ్చింది. “మా ఆయన షాపుదే సామానంతా. మంచిగ సూస్కోని తీస్కో, మల్ల ఆపస్ తేకు” అంది. గట్టు మీద చార్జింగ్ ఉన్న చిన్న ప్లేయర్ పెట్టుకుని ఉంది, కావాలంటే వేసి చూపిస్తుంది. ఎంచి ఎంచి పదకొండు సినిమాలు తీసుకున్నాను. మొత్తం కలిపి రెండు వందల యాభైకే ఇచ్చింది. విజయలలిత ‘రౌడీ రాణి’ అందులో ఉంది, మూడు డిస్కులూ ఉన్నాయి.

ఇంటికి వచ్చాక

డిస్కులన్నీ హార్డ్ డిస్కులోకి ఎక్కించాను. రెండు సినిమాల్లో చివరి డిస్కు మధ్యలో ఆగింది. మెత్తటి బట్టతో మధ్య నుంచి అంచుకు తుడిచి, వేరే డ్రైవ్‌లో మళ్లీ పెడితే ఒకటి పూర్తిగా వచ్చింది. గుండ్రంగా తుడవకండి, గీత పడితే చుట్టూ పోతుంది. పాటల పుస్తకాలు స్కాన్ చేసి, తుప్పు పట్టిన పిన్నులు తీసేసి, ఒక్కో పుస్తకాన్నీ విడి కవరులో పెట్టాను. టేపు మాత్రం అంటించలేదు, ఏళ్లు గడిస్తే దాని జిగురు అక్షరాల మీదికి దిగుతుంది.

అట్ట లేని పుస్తకంలోని నాలుగు పాటల పల్లవులూ నా దగ్గరున్న రికార్డుల జాబితాలతో సరిచూశాను. ఒక్కటీ కలవలేదు. మీ ఇంట్లో డెబ్భై దాటిన వాళ్లుంటే ఒక్కసారి అడిగి చూడండి: మిల్లు యజమాని పుట్టినరోజు విందు, దీపాలు ఆరిపోవడం, ఎడమచేతి గ్లౌజు, నర్సు లీల, మాటలు రాని తోటమాలి. ఆ సినిమా పేరేంటి? ఆ తోటమాలి చివర్లో నిజంగా మాట్లాడతాడా, మాట్లాడితే ఎవరి పేరు చెబుతాడు?